కమీషనర్ పుంజు మీద పడిన నింద

మా నఫూనా అక్క నవ్విందంటే వాగు అవతలి మిట్ట మీద కలుపు తీసేవాళ్ళు కూడా నడుమెత్తి ఇటు చూస్తారు. ఆవిడ నాకు తోటికోడలు. మా బావగారు పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కగానొక్క కూతురు నెలీమాని కిటాలే ఇచ్చాం. ఇక ఇంట్లో ఆవిడా, ఆవిడ కోళ్ళూను. మా బుకుసు తెగవాళ్ళకి కోడి లేని విందు విందు కాదు, చుట్టం వస్తే కోడి కొయ్యని ఇల్లు ఇల్లు కాదు. అలాంటి జనంలో, కిమిలిలి చుట్టుపక్కల కోళ్ళంటే నఫూనావే అని పేరు తెచ్చుకుందంటే ఊరికే రాలేదు. కోడికి జలుబు చేస్తే తను నిద్రపోని మనిషి.

ఆ ఏడు వానలు పడబోయే ముందు మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు అక్కని పలకరించడానికి ఇంటికొచ్చారు. ఆ రోజు పెట్టల్లో సగం గుడ్ల మీదున్నాయి, సగం పిల్లల్ని వేసుకుని తిరుగుతున్నాయి. కొయ్యడానికి చెయ్యాడలేదు. మొహమాటానికి పోయి, ఇంటికున్న ఒక్క పుంజునీ కోసేసింది. పాస్టరుగారు ఎముకలు కూడా వదలకుండా భోంచేసి, ఈ ఇల్లు వర్ధిల్లాలని కళ్ళు మూసుకుని ప్రార్థించి వెళ్ళారు. ఆయన కంచె దాటాక అక్క పెట్టలవైపు చూసి, "దీవెన బాగానే ఉందే నాబాంగీ, వర్ధిల్లడానికి మగాడేడీ?" అంది నాతో.

మగాడి కోసం వెతగ్గా వెతగ్గా వాగు అవతల దొరికాడు. ఆ మిట్ట మీద లుస్వేటి అని ఒకాయన ఉండేవాడు. వయసంతా మొంబాసా రోడ్డు మీద లారీ నడిపి, చాలించుకుని ఇంటికొచ్చిన మనిషి. పెళ్ళాం పోయింది. ఎండయినా వానయినా కోటు విప్పడు, మాట తూచి మాట్లాడతాడు. ఆయన దగ్గర ఒక పుంజుండేది. ఎర్రటి మెడ, నల్లటి తోక, మేజోళ్ళు తొడిగినట్టు కాళ్ళ నిండా ఈకలు. అది నడుస్తుంటే పెద్ద అధికారి ఎవరో తనిఖీకి వచ్చినట్టుండేది. అందుకని దానికి కమీషనర్ అని పేరు పెట్టాడు.

అక్క కబురు పంపితే ఆయనే పుంజుని చంకన పెట్టుకుని వచ్చాడు. దిగిన పిల్లల్లో ఆయనకీ వాటా అని ఒప్పందం. అప్పగింతలు మాత్రం ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టే చేశాడు. పొద్దున్నే నీళ్ళు మార్చాలట. వానలో తడవనివ్వకూడదట. ఉష్ ఉష్ అని అదిలించకూడదట, పేరు పెట్టి పిలవాలట. అక్క అన్నిటికీ బుద్ధిగా తలూపి, ఆయన వాగు దాటాక వంటింట్లోకొచ్చి, నా భుజం పట్టుకుని కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

అప్పటినుంచి లుస్వేటి ప్రతి ఆదివారం సాయంత్రం చక్కెర పొట్లం పట్టుకుని పుంజుని చూడ్డానికి వచ్చేవాడు. పుంజుని చూడ్డం క్షణంలో అయిపోయేది. టీ తాగడం చీకటిపడేదాకా సాగేది. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను దారిలో ఆపి, కమీషనర్ ఆరోగ్యం ఎలా ఉంది అని అడగడం మొదలుపెట్టారు. అడిగే తీరు చూస్తే వాళ్ళడిగేది కోడి సంగతి కాదని తెలిసిపోయేది.

ఈలోగా వానలు పడ్డాయి, మొక్కజొన్న నాటేశాం. ఆ ఏడు అక్క విత్తనాలు కొనుక్కుంది. సంగతి తెలియక కిటాలే నుంచి అల్లుడు కూడా ఒక బస్తా పంపించాడు. అందరం నాటుకున్నా అర బస్తా పైగా మిగిలిపోయింది. మంచి గింజ, గులాబీ రంగు పూసి నిగనిగలాడుతోంది. వచ్చే ఏడుదాకా దాస్తే సరిగా మొలవదు. అల్లుడు పంపినది పారేయడానికి అక్కకి మనసొప్పలేదు. పెద్ద తొట్టెలో పోసి, నీళ్ళు తేటపడేదాకా కడిగి, చాప మీద ఎండబోసింది. మనుషులం తినకూడదని తెలుసు, కోళ్ళకేంలే అనుకుంది. రోజూ పొద్దునా సాయంత్రం దోసిళ్ళతో చల్లేది. కమీషనర్ అతిథి కాబట్టి ఆయనకి విడిగా పళ్ళెంలో.

ఆ మందలో ఒక్క పెట్ట మాత్రం ఇంట్లో నిలవలేదు. దాన్ని గయ్యాళి అనేవాళ్ళం. కనపడిన ప్రతి పెట్టతోనూ కలబడేది. కమీషనర్ వచ్చిన కొత్తలో ఆయన పక్కన రెండ్రోజులు మహారాణిలా తిరిగి, మిగిలినవన్నీ ఏకమై పొడిచేసరికి అలిగి మా ఇంటికొచ్చేసింది. పొయ్యి వెనక కట్టెల సందున చోటు చేసుకుని, నన్ను కూడా కట్టె తీసుకోనిచ్చేది కాదు. ఎన్నిసార్లు పట్టి ఇచ్చినా, ఒక పూట కమీషనర్ వెంట తిరిగి మళ్ళీ వచ్చేస్తుంటే, ఉండనీ, దానికి నీ వంట నచ్చిందేమో అని అక్క వదిలేసింది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న అక్క కేకేసింది. వెళ్ళి చూస్తే గూట్లో గుడ్డు ఉంది గానీ పెంకు లేదు. తోలుగుడ్డు. నీళ్ళు పోసి మూతి కట్టిన బెలూన్‌లా ఉంది. అరచేతిలో పెట్టుకుంటే బితుకుబితుకుమని వణుకుతోంది. మేమిద్దరం దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మార్చుకుంటూ చిన్నపిల్లల్లా నవ్వాం. మా ఊరిపెద్ద ముఖ్వానా తాతకి చూపిస్తే వేలితో నొక్కి చూసి, ఇలాంటివైతే నాలాంటి పళ్ళు లేనివాడికి మేలు, కొట్టి పొయ్యక్కర్లేదు, పిండుకుంటే చాలన్నాడు. ఆ వారంలో అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. ఒకటి సొరకాయలా మెడ సాగి ఉంది. ఒకటి ముట్టుకుంటే చాలు లోపలికి కుంగిపోయింది. ముందు నవ్వినంతగా తరవాత నవ్వలేకపోయాం.

పెంకు గట్టిగా ఉన్నవి ఏరి అక్క పొదగేసింది. మూడు వారాలు గడిచాయి. పెట్టలు తిండి మానేసి, చిక్కి సగమై, గుడ్ల మీదే కూర్చున్నాయి. ఒక్క గుడ్డు కూడా చిట్లలేదు. తలుపు మూసి, ఫోన్ లైటు మీద ఒక్కో గుడ్డూ పెట్టి చూసింది. లోపల ఎర్ర జీర లేదు, నల్ల చుక్క లేదు. అన్నీ నీళ్ళ సీసాల్లా ఉన్నాయి.

అక్క ఇంకేం ఆలోచించలేదు. బిందె తీసుకుని పంపు దగ్గరికెళ్ళి, నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళందరి ముందూ, కమీషనర్‌కి ఠీవి తప్ప ఏమీ లేదని తేల్చి చెప్పేసింది. పంపు దగ్గర అన్న మాట బజారుకి చేరడానికి బిందె నిండేంత సేపు చాలు. లుస్వేటి టీ కొట్లో కూర్చుని ఉండగా, ఎవడో గ్లాసు కిందపెట్టి, "డ్రైవరుగారూ, మీ కమీషనర్ చేత రాజీనామా చేయించారటగా" అన్నాడట. ఇంకొకడు, పాపం పింఛనైనా ఇస్తారా లేదా అన్నాడట. ఆయన టీ సగంలో వదిలేసి లేచాడు.

ఆయన వాగు దాటి వస్తుంటేనే జనం వెంటపడ్డారు. అక్క వాకిట్లో చాట పట్టుకుని నిలబడి ఉంది. ఆయన కోటు గుండీలు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"నెలీమా వాళ్ళమ్మా, నా పుంజుని ఏదో అన్నారట."

"అన్నానండీ. చాటునే కాదు, దాని ముందు కూడా అన్నాను."

"మా మిట్ట మీద ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి. కాళ్ళకి ఈకలున్న ప్రతి కోడీ దాని బిడ్డే."

"అయితే ఉన్నదంతా అక్కడే ఖర్చుపెట్టుకుని మా ఇంటికి ఉత్త కోటు తొడుక్కుని వచ్చినట్టుంది."

ఆ మాటకి వాకిలంతా గొల్లున నవ్వింది. లుస్వేటి తనకి తెలియకుండానే చెయ్యి కోటు మీదికి పోనిచ్చి, అది చూసి జనం మళ్ళీ నవ్వేసరికి, మొహం ఎర్రజేసుకుని, లోపం నా పుంజులో లేదు, మీ పెట్టలే గొడ్డువి అనేశాడు. నవ్వులు ఆగిపోయాయి. అక్క చాట కిందపెట్టింది. తన కోళ్ళని ఆ మాట అన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆయనకి కూడా అన్న వెంటనే నాలుక్కరుచుకోవాలనిపించినట్టుంది, కానీ ఇంతమంది ముందు ఎలా కరుచుకుంటాడు. పుంజుని తీసుకుపోతానన్నాడు. తేలేదాకా ఈకైనా కదలదని అక్క అంది. ముఖ్వానా తాత వచ్చి ఇద్దరి మధ్యా కర్ర అడ్డంపెట్టి, సంతనాడు స్కూలు షెడ్డులో తీర్పు చెప్తానన్నాడు.

ఆ రోజు షెడ్డు నిండిపోయింది. మా ఊళ్ళో గట్టు తగాదాకి కూడా అంతమంది రారు. కమీషనర్‌ని మధ్యలో పెట్టి గంప కమ్మారు. ఇరుపక్షాలవాళ్ళూ సాక్షుల్ని తెచ్చుకున్నారు. అవతలి మిట్టవాళ్ళు ఒక్కొక్కరే లేచి కమీషనర్ చేసిన ఘనకార్యాలు చెప్తుంటే, తాత నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటిస్తున్నాడు. మా వైపువాళ్ళు తోలుగుడ్లు పళ్ళెంలో పెట్టి చూపించారు. ముసలామె ఒకతె, మా కాలంలో మొగుడు పనికిరాకపోతే పెళ్ళాన్ని అనేవాళ్ళు, ఈ కాలంలో కోళ్ళకైనా న్యాయం జరుగుతోంది, సంతోషం అంది.

నేను ఆ తీర్పుకి ఆలస్యంగా బయల్దేరాను. పొయ్యి ఆర్పి తలుపు వేయబోతుంటే కట్టెల సందులోంచి కీచుకీచుమని చప్పుడు. వంగి చూశాను. గయ్యాళి రెక్క కిందనుంచి పసుపు ముద్ద ఒకటి బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే నేలంతా పిల్లలైపోయింది. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. గోరంత కాళ్ళ మీద, వేళ్ళదాకా, మెత్తటి నూగు.

నాకు ఒళ్ళు తెలియలేదు. పిల్లల్ని బుట్టలో వేసుకుని, పొడుస్తున్న గయ్యాళిని చంకలో ఇరికించుకుని పరుగందుకున్నాను. షెడ్డులోకి వెళ్ళేసరికి ఊపిరి లేదు, మాట రావడం లేదు. బుట్ట తీసుకెళ్ళి తాత కాళ్ళ దగ్గర బోర్లించాను. పిల్లలు షెడ్డంతా పాకాయి. గయ్యాళి నా చంకలోంచి ఎగిరి, అడ్డం వచ్చిన ప్రతివాడి కాలూ పొడిచింది. కమీషనర్ గంప కింద నుంచి కూత పెట్టాడు. ముఖ్వానా తాత ఒక పిల్లని పట్టుకుని కాళ్ళు చూసి, చెయ్యెత్తి అందరికీ చూపించాడు.

"మేజోళ్ళున్నాయి."

ఇక ఆ షెడ్డులో ఏం జరిగిందో సరిగా చెప్పలేను. అవతలి మిట్టవాళ్ళు బెంచీలెక్కారు. గంప తీసి కమీషనర్‌ని భుజాన ఎత్తుకున్నారు. లుస్వేటి ఒక మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. మా వైపువాళ్ళం ఓడిపోయి కూడా ఎందుకో అందరికంటే ఎక్కువ నవ్వుతున్నాం.

అక్క ఒక్కతే నవ్వలేదు. జనం మధ్యలోంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. గయ్యాళి మీ ఇంట్లో ఏం తింది అని అడిగింది. ఏముంది, ఉసుళ్ళు, మాడిన మొక్కజొన్నపిండి ఉగాలి, పెరట్లో పురుగులు అన్నాను. గింజలు వేశావా అంది. మాకే లేవు, దానికేం వేస్తానక్కా అన్నాను. అక్క మెల్లిగా బెంచీ మీద కూర్చుంది. విత్తనాలు కడిగిన గులాబీ రంగు నీళ్ళు ఆవిడ కళ్ళ ముందు కదిలాయని నాకూ అప్పుడే తోచింది. లేచి, ఆ సందడిలోంచే నడిచి లుస్వేటి దగ్గరికి వెళ్ళింది. తప్పు మీ పుంజుదీ కాదు, నా పెట్టలదీ కాదు, నా చేతిదేమో అని అనుమానంగా ఉంది, రేపు కిమిలిలి వ్యవసాయ ఆఫీసుకెళ్ళి అడుగుతాను అంది. కమీషనర్ ఆరోగ్యం సంగతి కాబట్టి నేనూ వస్తానన్నాడాయన.

మర్నాడు ఒకే మోటారు సైకిలు మీద వెళ్ళారు. ముందు బండివాడు, వెనక లుస్వేటి, ఆయన వెనక అక్క, ఇద్దరి మధ్యా బుట్టలో కమీషనర్. దారి పొడుగునా జనం నిలబడి చూశారు. ఊరేగింపులాగే ఉంది మరి.

ఆఫీసులో జెరోటిచ్ అనే అమ్మాయి ఉంది. చిన్నది, ఓపికమంతురాలు. అక్క తెచ్చిన గింజలు చూడగానే సంగతి అర్థమైపోయింది. విత్తనం నేలలో బూజు పట్టి కుళ్ళకుండా దానికి మందు పట్టిస్తారనీ, ఆ గులాబీ రంగు ఇది తిండిగింజ కాదని చెప్పడానికేననీ చెప్పింది. కడిగితే రంగు పోతుంది గానీ మందు మొత్తం పోదట. అది కోడి ఒంట్లోకి రోజూ కాస్త కాస్త చేరితే పెట్ట గుడ్లు తగ్గిస్తుందట, పెంకు కట్టదట. పుంజుకీ అంతే, పైకి బాగానే ఉంటుంది, కూస్తుంది, ఎక్కుతుంది, లోపల సత్తువ పోతుందట. పొలంలో పైపైన పడిన గింజలు ఏరుకు తినే అడవి కోళ్ళకీ, పిచ్చుకలకీ కూడా ఇదే గతి, వాటికి అడిగేవాళ్ళు లేరు కాబట్టి ఎవరికీ తెలియదు, అందుకే నాటేటప్పుడు ఒక్క గింజ కూడా పైన కనపడకుండా కప్పెయ్యాలంది.

లుస్వేటి అంతా విని, కోటు సర్దుకుని, "అంటే మావాడిలో లోపం లేదనే కదమ్మా మీ మాట?" అన్నాడు.

ఆ పిల్ల బుట్టలోకి తొంగి చూసి, నవ్వు పెదాల మధ్య బిగబట్టి, "లోపం ఉందండీ, కానీ అది ఆయన తప్పు కాదు" అంది.

ఆ గింజ ఆపేసి మంచి మేత వేస్తే కొన్ని వారాల్లో మళ్ళీ మామూలవుతాయని ధైర్యం చెప్పింది. అప్పటిదాకా ఆ గుడ్లు గానీ మాంసం గానీ ఎవరూ ముట్టకూడదంది. మిగిలిన గింజలు తనకే తెచ్చిచ్చేయమంది. తిరుగు దారిలో అక్క, మీ పుంజుని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని లుస్వేటితో చెప్పిందట. ఆయన, పెట్టల్ని అన్న మాట నేనూ తీసుకుంటున్నానన్నాడట. కాస్త దూరం పోయాక అక్క, కోటు గురించి అన్నది మాత్రం అక్కడే ఉండనిస్తాను అందట. ఈ సంగతులన్నీ బండివాడు చెప్పాడు. వాగు దిగువకొచ్చేసరికి వెనకున్న ఇద్దరూ నవ్వుతుంటే బండి ఎటు వంగుతోందో తెలియలేదని మొత్తుకున్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఇంటికి రాగానే నెలీమా ఫోను. పుట్టిన పాపని తీసుకుని అత్తమామలతో సహా శనివారం వస్తున్నారట. అక్క ఫోను పెట్టేసి వాకిట్లోకి చూసింది. వాకిటి నిండా కోళ్ళు, ఒక్కటీ కోయడానికి లేదు. బాలింత కూతురి పళ్ళెంలో ఆ మాంసం చచ్చినా పెట్టనంది. బజారు నుంచి మేకమాంసం తెద్దామని మా ఆయన అన్నాడు. కళ్ళెదురుగా ఇన్ని కోళ్ళు తిరుగుతుంటే వియ్యంకుడికి మేక పెడతారా, రేపు కిటాలేలో తలెత్తుకోగలమా అని అక్క కూర్చుండిపోయింది. ఉన్న మాట చెప్పెయ్యమన్నాను. కోళ్ళకి మందెక్కింది, అందుకే కొయ్యలేదంటే, పిసినారులు ఎన్ని సాకులు చెప్తారో అనుకుంటారు అంది. మా ఇంట్లో గయ్యాళి తప్ప ఏమీ లేదు. అది పిల్లల తల్లి.

శనివారం పొద్దున్న పొయ్యి దగ్గర ఉండగా హారన్ మోత వినపడింది. ఆగకుండా, లారీ హారన్ కొట్టినట్టు. బయటికొచ్చి చూస్తే బండివాడి మోటారు సైకిలు మీద లుస్వేటి ఒక్కడే. హ్యాండిలుకి ఇటూ అటూ కోళ్ళు, వెనక కట్టిన బుట్టలో కోళ్ళు, ఒళ్ళో ఒకటి. కోటు నిండా ఈకలు. తన కోళ్ళన్నీ కట్టుకొచ్చేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ కబురు పెట్టలేదు. బండివాడు ఊళ్ళో మాట ఆయన చెవిన వేశాడట, అంతే. దిగి, మావి పురుగులూ నూకలూ తిని పెరిగినవి, భయం లేదు, కోసుకోండి అన్నాడు. ఒక్క పుంజుని పోగొట్టుకున్న అక్కకి మంద మొత్తం ఇచ్చెయ్యడమంటే ఏమిటో తెలుసు. ఆయన కోటు మీది ఈకలు ఒక్కొక్కటే తీస్తూ నిలబడింది. నేను లోపలికి వెళ్ళి కత్తి నూరుకోవడం మంచిదనుకున్నాను.

వియ్యాలవారు మధ్యాహ్నానికి వచ్చారు. నెలీమా మామగారు సిటూమా భారీ మనిషి, గొంతు కూడా భారీయే. పాప మాత్రం గుప్పెడంత. అక్క దాన్ని ఎత్తుకుని, ఎవరికీ ఇవ్వకుండా, ఇల్లంతా తిప్పింది. కాసేపటికి సిటూమా గారు వాకిట్లో తిరుగుతున్న కోళ్ళని చూసి, వదినగారూ, ఇంత లావు కోళ్ళని వదిలేసి పొరుగు ఊరి కోళ్ళు కోయించారేమిటి అని అడిగేశారు. ఇక దాచేదేముందని అక్క మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. పాస్టరుగారి దీవెన దగ్గరినుంచి జెరోటిచ్ అన్న మాట దాకా, కమీషనర్ నడక నడిచి చూపిస్తూ, తోలుగుడ్డు వణుకు చేత్తో చూపిస్తూ. తన తప్పు కూడా దాచుకోలేదు. సిటూమా గారు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోతే ఇద్దరు పట్టుకుని లేపారు. అల్లుడు మాత్రం, అయ్యో ఆ బస్తా నేనే పంపాను అని తల పట్టుకున్నాడు. పాప నిద్రలేచి ఏడుపందుకుంది.

వంట దించాను. ఇక్కడ ఒక సంగతి. మాలో కోడి కోస్తే కందనకాయ ఇంటి యజమానిది. ఇంకెవరూ ముట్టరు. ఏ ఆడదైనా ఒక మగాడికి కందనకాయ వడ్డించిందంటే, ఈ ఇంటికి మగదిక్కు ఇతనే అని నలుగురి ముందూ చెప్పినట్టే. బావగారు పోయినప్పటినుంచి అక్క ఇంట్లో అది మా ఆయనకి వెళ్ళేది, తమ్ముడు కాబట్టి. ఎప్పట్లాగే నేను దాన్ని చిన్న పళ్ళెంలో పెట్టి మా ఆయన వైపు బయల్దేరాను. అక్క నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది.

మా ఆయన అప్పటికే చెయ్యి చాపి ఉన్నాడు. అక్క ఆయన్ని దాటి వెళ్ళింది. సిటూమా గారిని దాటింది, ముఖ్వానా తాతని దాటింది. గుమ్మం పక్కన మొహమాటంగా కూర్చున్న లుస్వేటి ముందు పళ్ళెం పెట్టింది.

ఉగాలి ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి. లుస్వేటి పళ్ళెంలోకి చూసి, తలెత్తి అక్కని చూసి, మళ్ళీ పళ్ళెంలోకి చూశాడు.

"నెలీమా వాళ్ళమ్మా, ఇది పొరపాటున ఇటొచ్చినట్టుంది" అన్నాడు చిన్న గొంతుతో.

"నా పొరపాట్లన్నీ గింజల దగ్గరే అయిపోయాయి. తినండి, చల్లారిపోతుంది."

ఆయన తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్ళలో నీళ్ళొచ్చాయి, పొలమారింది. సిటూమా గారు ఆ భారీ చేత్తో వీపు మీద చరిచేసరికి అందరికీ మాటలొచ్చాయి. ఆడవాళ్ళం గొంతెత్తి సంబరంగా కేకలు పెట్టాం. ముఖ్వానా తాత కర్ర అవతల పారేసి నడుము ఊపుతూ ఆడాడు. నెలీమా ముందు తల్లిని చూసి బిత్తరపోయి, తరవాత పాపని నా చేతిలో పడేసి వెళ్ళి తల్లి మెడ పట్టుకుంది. మా ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఇంత ఉగాలి తెచ్చి ఆ చేతిలో పెట్టాను.

పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరు ఎవరింటికి రావాలన్న దగ్గర కాస్త గొడవైంది. అక్క తన కోళ్ళని వదిలి రానంది. లుస్వేటి తన మిట్ట వదలనన్నాడు. చివరికి ఎవరి ఇల్లు వాళ్ళకుంటుంది, దారి ఇద్దరిదీ అని తాత తేల్చాడు. అలాంటి కాపురం మేమెప్పుడూ వినలేదు గానీ, తీర్పు చెప్పింది తాత కాబట్టి ఊరుకున్నాం.

కొత్త మేత పడ్డాక కోళ్ళు నెమ్మదిగా తేరుకున్నాయి. తోలుగుడ్లు తగ్గి, పెంకులు గట్టిపడి, ఒకనాటికి అక్క మళ్ళీ పొదగేసింది. ఈసారి ఫోన్ లైటు పెట్టి చూడ్డానికి ధైర్యం చాలలేదు. పొదిగే పెట్ట కంటే అక్కే ఎక్కువ చిక్కింది.

ఒకరోజు నేను వాగులో బట్టలు ఉతుకుతున్నాను. గట్టు మీదనుంచి అక్క పరిగెత్తుకొస్తోంది. చెప్పుల్లేవు, తలగుడ్డ ఎక్కడో పడిపోయింది. అవతలి మిట్ట మీద మొక్కజొన్న విరుస్తున్న లుస్వేటి ఆవిణ్ణి చూసి ఏ ఘోరం జరిగిందోనని తనూ దిగి పరిగెత్తాడు. అక్క వంతెన దాకా కూడా వెళ్ళలేదు. నేను ఉతికిన బట్టలు తొక్కుకుంటూ నీళ్ళలోకి దిగి, మోకాలిలోతులో నిలబడి, రొప్పుతూ, చేత్తో ఇంటివైపు చూపించింది.

"ఏమైంది నఫూనా, ఎవరికేమైంది?" అన్నాడాయన ఒడ్డు మీదనుంచి. పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు.

"చిట్లింది. మొదటిది చిట్లింది, ముక్కు బయటపెట్టింది."

ఆయన బూట్లతోనే వాగులోకి దిగేశాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని, జారుతూ, లేస్తూ ఇవతలి గట్టెక్కారు. అక్క తొక్కిన బట్టలు మళ్ళీ ఉతుక్కుని నేను సాయంత్రం వెళ్ళేసరికి, తడిబట్టలతోనే గంప పక్కన నేలమీద కూర్చుని, ఒక్కో గుడ్డూ పగులుతుంటే ఒకరికొకరు చూపించుకుంటున్నారు. పొయ్యి వెలిగించిన జాడ లేదు. ఇంటికెళ్ళి ఉగాలి వండి పంపించాను.